విద్యుద్వాహనములకు ఛార్జింగు స్టేషనులకు గల పొందిక

గత వేసవి సెలవులలో ఒక సాయంకాలము మన పాఠశాల పూర్వవిద్యార్థి యొకడు మా యింటికి వచ్చెను. పదవ తరగతి వఱకు నాయొద్ద భౌతికశాస్త్రము చదివినవాడు. తండ్రి చిన్నతనముననే గతించుటచే పై చదువులకు పోజాలక, విజయవాడలో ఒకరి టాక్సీ నడుపుచు తల్లిని, చెల్లెలిని పోషించుచుండెను. స్వంత బండి యున్నచో యజమానికి దినదినము కట్టు సొమ్ము మిగులును గదా యని తలంచి, తల్లి గొలుసు కుదువబెట్టి, ఒక పాత విద్యుత్ కారును కొనెను. అది కొన్నియేండ్లు ఒక కార్యాలయమునకు అద్దెకు తిరిగి, పిదప అమ్మబడిన బండి. ధర చౌక, పెట్రోలు ఖర్చు లేదు, నడుపునపుడు చప్పుడు లేదు. బ్యాటరీయు నింకను ఎనుబది కిలోమీటర్ల వఱకు లాగుచుండెను.

కొనిన పదునైదు దినములకే చిక్కు వచ్చెను. గుంటూరునుండి విజయవాడకు ముగ్గురు ప్రయాణికుల నెక్కించుకొని వచ్చుచుండగా ఛార్జి తఱిగిపోయెను. రహదారి ప్రక్కన ఒక ఛార్జింగు స్టేషను కనబడినది. యంత్రములు రెండును పనిచేయుచున్నవి, దీపములు వెలుగుచున్నవి, వీని జేబులో డబ్బున్నది. కాని యంత్రపు గన్ను వీని కారు మూతిలో దూరలేదు. త్రిప్పి చూచెను, వంచి చూచెను, లాభము లేకపోయెను. ప్రయాణికులలో ఒక తల్లి జ్వరముతోనున్న బిడ్డను ఆసుపత్రికి తీసికొనిపోవుచుండెను. ఆమె వీనితో నొక్క మాటయు ననక దిగి, వచ్చిన ఆటో నెక్కి వెళ్లిపోయెను. తిట్టియుండిన బాగుండెడిదని వాడు నాతో ననెను. పిమ్మట సమీపమునందలి టీ దుకాణము వారిని బతిమాలి, వారి పెద్ద సాకెట్టునుండి ఛార్జి పెట్టుకొని రాత్రి పది గంటల వఱకు అక్కడనే కూర్చుండెనట.

"కరెంటంతా ఒకటేనని మీరే చెప్పారు గదండీ, మాస్టారూ! ఒక బండికి ఎక్కే కరెంటు ఇంకో బండికి ఎందుకు ఎక్కదు?" అని వాడడిగెను.

ఆ ప్రశ్నకు నేనానాడు కాగితముమీద బొమ్మలు గీసి చెప్పిన సమాధానమునే యిచ్చట కొంత విస్తరించి వ్రాయుచున్నాను. మన విద్యార్థుల యిండ్లలో పలుచోట్ల నిప్పుడు విద్యుత్ స్కూటరు కలదు. కొందఱు తల్లిదండ్రులు కారు కొనుటకును ఆలోచించుచున్నారు. కొనుటకు ముందు తెలిసికొనుటకును, కొనిన పిమ్మట తెలిసికొనుటకును భేదమెంతయో ఆ టీ దుకాణపు బల్లమీద కూర్చున్నవానికి బాగుగా తెలియును.

మొదట మన యింటి గోడను చూడుడు. అందు చిన్న సాకెట్టు, పెద్ద సాకెట్టు అని రెండు రకములు గలవు. ఫ్యానునకు, సెల్ ఫోనునకు చిన్నది, గీజరునకు పెద్దది. చిన్నది 5 లేక 6 ఆంపియరులకును, పెద్దది 15 లేక 16 ఆంపియరులకును ఏర్పఱుపబడినవి. రెండింటను వచ్చునది 230 వోల్టులే. అయినను పెద్ద ప్లగ్గు చిన్న సాకెట్టులో దూరదు. ఇది తయారుచేయువారి మొండితనము కాదు. దూరినచో సన్నని తీగలో నధిక ప్రవాహము పాఱి, తీగ వేడెక్కి, పైతొడుగు కాలి, యిల్లే యంటుకొనవచ్చును. కావున ప్లగ్గు సరిపోకుండుటయు నొక్కొక్కప్పుడు రక్షణయే యని మొదట గ్రహింపవలెను. అన్ని యసౌకర్యములును ఇట్లు రక్షణకొఱకే యేర్పడినవని మాత్రము తలంపరాదు. కొన్ని వర్తకుల పోటీవలనను, కొన్ని దేశముల పంతమువలనను, కొన్ని కేవలము తొందరపాటువలనను కలిగినవి. ఏది యేదో వేఱుచేసి చూచుటయే మన పని.

మన యిండ్లకు వచ్చునది ఏకాంతర విద్యుత్తు, అనగా ఏ.సి. అది సెకనునకు ఏబది పర్యాయములు ముందునకును వెనుకకును ఊగుచుండును. బ్యాటరీలో నిలువచేయదగినది ఏకముఖ విద్యుత్తు, అనగా డి.సి. మాత్రమే. కావున నే బండి బ్యాటరీ నిండవలెనన్నను ఎక్కడనో యొకచోట ఏ.సి. డి.సి.గా మార్చబడవలెను. ఆ మార్పు బండిలో జరుగునా, బండి బయట జరుగునా యనుటపైననే తక్కిన కథ యంతయు నాధారపడియున్నది.

బండిలోనే యొక పెట్టె యుండి యా పని చేసినచో, గోడలోని ఏ.సి.ని తిన్నగా బండికి తగిలింపవచ్చును. ఆ పెట్టె బండితోపాటు ప్రయాణము చేయవలసినది గనుక దానిని చిన్నదిగా, తేలికగా చేయుదురు. దాని శక్తి కొన్ని కారులలో 3.3 కిలోవాట్లు, కొన్నింట 7.2, మఱికొన్నింట 11. ఇది నెమ్మదియైన ఛార్జింగు. అట్లుగాక, స్టేషనులో బీరువా వంటి పెద్ద యంత్రమును నిలిపి, అందే మార్పు జరిపి, డి.సి.ని నేరుగా బ్యాటరీకి పంపుటయు గలదు. నేలమీద నిలిచియుండు యంత్రము ఎంత బరువున్నను చింత లేదు. కావున 30, 60, 120 కిలోవాట్ల యంత్రములను నిలుపుచున్నారు. ఇది త్వరితమైన ఛార్జింగు.

లెక్కలు ప్రియమైన విద్యార్థుల కొఱకు ఒక చిన్న లెక్క. 2020వ సంవత్సరము జనవరిలో మన దేశమున విడుదలయైన టాటా నెక్సాన్ విద్యుత్ కారు బ్యాటరీలో 30.2 యూనిట్ల విద్యుత్తు పట్టెడిది. ఇంటిలోని పెద్ద సాకెట్టు 15 ఆంపియరులది, వోల్టులు 230. రెంటిని గుణించిన 3,450 వాట్లు. ఆ కారులోని పెట్టె 3.3 కిలోవాట్లది యగుటకు కారణ మిదియే: ఇంటి సాకెట్టు భరింపగలిగినంతయే యది త్రాగును. 30.2ను 3.3 చేత భాగించిన తొమ్మిది గంటలకు పైన వచ్చును. ఇక నా కారునే 22 కిలోవాట్ల ఏ.సి. స్టేషనునకు తగిలించితిమనుకొనుడు. ఎన్ని గంటలు పట్టును? తరగతిలో నీ ప్రశ్న వేసినప్పుడు పలువురు గంటన్నర యని చెప్పిరి. తప్పు. తొమ్మిది గంటలే. కొళాయి ఎంత పెద్దదైనను బిందె మూతి సన్నముగా నున్నపుడు నీరెంత దిగును? స్టేషను శక్తి, బండి శక్తి, ఈ రెంటిలో ఏది తక్కువయో దాని ప్రకారమే నడచును. పెద్ద యంత్రమునకు తగిలించినచో చిన్న బండి పగులునను భయమునకును ఇదియే జవాబు.

ఇక గన్నుల యాకారములకు వత్తము. త్వరిత ఛార్జింగునకు మొదట గట్టిగా పూనుకొన్నవారు జపానువారు. 2010వ సంవత్సరమున టోక్యో విద్యుత్ సంస్థయు, కొన్ని కార్ల కంపెనీలును గలిసి యొక సంఘముగా నేర్పడి తమ పద్ధతికి చాడెమో యని పేరు పెట్టిరి. ఆ పేరులో నొక చమత్కారము గలదు. బండి నిండులోపల ఒక టీయైనను త్రాగుదమా యను అర్థము వచ్చు జపాను మాటను అది తలపించును. మనవాడు ఆ రాత్రి త్రాగిన టీలను లెక్కించిన, ఆ పేరు పెట్టినవారి యూహ చాలలేదనవలెను.

యూరపువారు మఱియొక త్రోవ త్రొక్కిరి. అచ్చట పలు యిండ్లకు మూడు ఫేజుల విద్యుత్తు వచ్చుచుండుటచే మూడు ఫేజులకు మూడు, న్యూట్రలునకొకటి, ఎర్తునకొకటి, సంకేతములకు రెండు, మొత్తము ఏడు పిన్నుల గన్నును స్వీకరించిరి. దీనిని టైప్-2 అందురు. దాని క్రిందనే డి.సి. కొఱకు రెండు లావైన పిన్నులు చేర్చినచో సి.సి.ఎస్.-2 అగును. ఒకే మూతిలో నెమ్మది ఛార్జింగు, త్వరిత ఛార్జింగు రెండును ఇముడును. 2014వ సంవత్సరమున యూరోపియన్ యూనియను తన ఉత్తరువులో ఈ రెండు రూపములనే సామాన్య ప్రమాణములుగా నిర్ణయించెను. అమెరికాలో ఇండ్లకు మూడు ఫేజులు రావు. కావున వారి గన్నునకు ఐదు పిన్నులు చాలినవి. ఆ దేశముననే టెస్లా కంపెనీవారు 2012 నుండి తమదే యగు వేఱొక మూతిని వాడి, పది సంవత్సరముల పిమ్మట, 2022 నవంబరులో దాని రచనను అందఱకు విప్పి చెప్పిరి. మఱుసటి సంవత్సరమే ఫోర్డు, జనరల్ మోటార్సు కంపెనీలు దానిని స్వీకరింతుమని ప్రకటించినవి. చైనావారికి జి.బి.టి. యను స్వంత ప్రమాణము గలదు. ఇట్లు ఒక్క పనికి లోకమున నాలుగైదు రకముల మూతులు పుట్టినవి.

ఇది మనకు క్రొత్త యనుభవము కాదు. మా చిన్నతనమున గుంటూరునుండి నరసరావుపేట, మార్కాపురము, నంద్యాలల మీదుగా గుంతకల్లునకు పోవు రైలుమార్గము మీటరు గేజిది. విజయవాడ నుండి మద్రాసునకు పోవునది ఐదడుగుల ఆఱంగుళముల బ్రాడ్ గేజి. రెండును రైళ్లే, రెండింటికిని చక్రములు, ఇంజనులు, గార్డులు. అయినను ఒక మార్గముపై నడచు పెట్టె రెండవదానిపై నడవదు. సరకంతయు దింపి, కూలీల చేత మోయించి, తిరిగి యెక్కింపవలెను. పాడగునవి పాడగును, పోవునవి పోవును. 1992లో దేశమంతటను ఒకే గేజి చేయుటకు పూనుకొని, ఆ దశాబ్దములోనే మా మార్గమును మార్చిరి. వేసినప్పు డొక నిర్ణయము తొందరగా చేసికొని, దానిని దిద్దుకొనుటకు నూఱేండ్లు పట్టినది. విద్యుద్వాహనముల విషయమున మనము కొంత త్వరగానే మేలుకొంటిమి గాని, ఆ నడిమి కాలములో కొనినవారు మాత్రము చిక్కుకొనిరి. నా శిష్యుడు అట్టివారిలో నొకడు.

వాని బండి కథ యెట్లనగా: 2017వ సంవత్సరమున కేంద్రప్రభుత్వమువారు తమ కార్యాలయముల కొఱకు విద్యుత్ కారులను పెద్దసంఖ్యలో కొన సంకల్పించిరి. అప్పటి స్వదేశపు కారుల బ్యాటరీలు 72 వోల్టులవి. ఆ సంవత్సరముననే వానికి తగినట్లు భారత్ ఏ.సి.-001, భారత్ డి.సి.-001 అను రెండు ప్రమాణము లేర్పడినవి. రెండవది త్వరిత ఛార్జింగునకు. దానికి చైనావారి జి.బి.టి. మూతిని తీసికొనిరి. శక్తి గరిష్ఠముగా 15 కిలోవాట్లు. ఆనాటికి చేతనున్న బండ్లకు అది చాలినదే; దానిని నిర్ణయించినవారిని నిందించుట న్యాయము కాదు. కాని ముందునకు చూచిన నందొక యిఱుకు గలదు. 72 వోల్టులను 200 ఆంపియరులచే గుణించిన 14,400 వాట్లు. అనగా 200 ఆంపియరుల భయంకరమైన ప్రవాహమును పంపినను పదునైదు కిలోవాట్లు దాటుట లేదు. తీగలో పుట్టు వేడి ప్రవాహముయొక్క వర్గమును బట్టి పెరుగునని మీరు చదివియున్నారు. వోల్టులను నాలుగింతలు చేసినచో నదే శక్తికి ప్రవాహము నాలుగవ వంతు చాలును. వేడి పదునాఱవ వంతు మాత్రమే పుట్టును. ఈ కారణముచేతనే తరువాతి కారులలో పెక్కు 300 వోల్టులకు పైబడిన బ్యాటరీలతో వచ్చినవి. 2019లో హ్యుండాయ్ కోనా, 2020లో ఎం.జి. వారి బండియు, ముందు చెప్పిన నెక్సానును సి.సి.ఎస్.-2 మూతితో వచ్చినవి.

ఇంతలో 2018 డిసెంబరులో కేంద్ర విద్యుచ్ఛక్తి మంత్రిత్వశాఖవారు ఒక మార్గదర్శకమును వెలువరించిరి. దాని ప్రకారము ప్రతి బహిరంగ స్టేషనునందును సి.సి.ఎస్., చాడెమో, టైప్-2, భారత్ డి.సి., భారత్ ఏ.సి. అను ఐదు రకముల యంత్రములు నుండవలెను. ఎవ్వరును చిక్కుకొనరాదను సదుద్దేశమే యది. కాని ఐదు యంత్రముల ఖర్చు పెట్టి, ఐదింటిలో మూడు ఖాళీగా నుండుట నెవరు భరింపగలరు? తరువాతి సవరణలలో ఆ నియమమును సడలించిరి. కొనువా రెక్కువగా ఏ కారులను కొనిరో ఆ కారుల మూతియే నిలిచినది. నేడు మన రహదారులపై క్రొత్తగా నిలుపబడుచున్న త్వరిత యంత్రములలో సి.సి.ఎస్.-2వే యధికము. మనకును మూడు ఫేజుల విద్యుత్తే గనుక ఆ యెన్నిక మంచిదే యని నా యభిప్రాయము.

ఇంతవఱకు ఆకారమును, బలమును చెప్పితిని. ఇక మూడవదియు, మిగుల వినోదకరమైనదియు నగు విషయ మొకటి గలదు. గన్ను తగిలించిన వెంటనే విద్యుత్తు పాఱదు. ముందు బండియు స్టేషనును సంభాషించుకొనవలెను.

ఏడు పిన్నులలో సంకేతముల కొఱకు రెండున్నవని చెప్పితిని గదా. ఒకటి గన్ను పూర్తిగా దిగినదో లేదో తెలుపును. రెండవదాని పేరు కంట్రోల్ పైలట్. స్టేషను ఆ తీగపై 12 వోల్టులను నిలిపి యూరక వేచియుండును. బండి తగులగానే అందలి నిరోధము వలన 12 వోల్టులు 9కి పడిపోవును. ఎవరో వచ్చిరని స్టేషను గ్రహించును. అప్పుడది సెకనునకు వేయి పర్యాయములు కొట్టుకొను సంకేతమును పంపును. ఆ కొట్టుకొనుటలో ఎంత భాగము పైకి లేచియుండునో దానిని బట్టి, "నేను ఇన్ని ఆంపియరులు మాత్రమే యీయగలను" అని బండికి తెలియును. సామాన్యమైన లెక్కయే: నూటికి ఎంత భాగము లేచియున్నదో దానిని 0.6 చేత గుణించిన ఆంపియరులు వచ్చును. సగము, అనగా నూటికి 50 అయిన 30 ఆంపియరులు. 20 అయిన 12 ఆంపియరులు. బండి ఆ మాట విని, సమ్మతించి, తన నిరోధమును మార్చి 9 వోల్టులను 6కు దింపును. "సిద్ధముగా నున్నాను" అని దాని యర్థము. అప్పుడు గాని స్టేషనులోని పెద్ద స్విచ్చి టప్పున పడదు. ఏ క్షణమున గన్ను ఊడదీసినను పైలట్ తీగ మొదట తెగును, స్విచ్చి విడిపోవును. వానలో తడిసిన గన్నును పట్టుకొన్నను షాకు కొట్టకుండుటకు ఈ యేర్పాటును ఒక కారణము.

ఆ సంకేతము నూటికి ఐదు మాత్రమే యున్నచో దాని భావము వేఱు: "మనము ఇంకను వివరముగా మాటలాడుకొందము" అని. త్వరిత ఛార్జింగున నిదియే జరుగును. నీ బ్యాటరీ ఎన్ని వోల్టులది, ఎంత నిండియున్నది, ఎంత ప్రవాహము భరింపగలదు అను ప్రశ్నోత్తరములు నడచును. పిమ్మట తీగలలో ఎక్కడనైనను విద్యుత్తు కారుచున్నదేమో పరీక్ష జరుగును. అంతయు సరిగా నున్నపుడు బండి అడుగుచుండును, స్టేషను ఇచ్చుచుండును. పెత్తనము బండిదే. బ్యాటరీ నూటికి ఎనుబది పాళ్లు నిండిన పిమ్మట బండి తక్కువ తక్కువ అడుగును. కావున చివరి యిరువది పాళ్లు నిండుటకు చాలసేపు పట్టును. వెనుక మఱొక బండి వేచియున్నపుడు ఎనుబది దగ్గఱ చాలించి తొలగుట మర్యాద.

ఈ సంభాషణకు సి.సి.ఎస్. వాడు భాష వేఱు, జి.బి.టి., చాడెమోలు వాడు భాష వేఱు. మొదటిది ఆ పైలట్ తీగపైననే అతిశీఘ్ర సంకేతములతో నడచును. తక్కిన రెండును కారు లోపలి భాగములు తమలో తాము మాటలాడుకొను పద్ధతినే బయటకు తెచ్చినవి. కావున నా శిష్యుని కారునకు ఆ స్టేషనుతో మూడు విధముల పొందిక కుదురలేదు. మూతి ఆకారము వేఱు. బలము వేఱు: త్వరిత యంత్రములు సాధారణముగా 150 లేక 200 వోల్టులకు క్రిందికి దిగవు, వీనిది 72. భాష వేఱు. వాడు మా యింటికి వచ్చినపుడు ఫోనులో నొక అడాప్టరు బొమ్మను చూపి, దీనిని కొందునా యని యడిగెను. అది ఆకారమును మాత్రమే మార్చును. మిగిలిన రెంటిని మార్చలేదు. వలదంటిని.

ఒకే ప్రమాణమును పాటించిన బండికిని స్టేషనునకును సైతము ఒక్కొక్కప్పుడు మాట కుదురదు. శ్రీకాకుళమువాడును చిత్తూరువాడును మాటలాడునది తెనుగే. అయినను మొదటి దినమున కొంత తడబాటు తప్పదు. ప్రమాణము ఒకటైనను దాని కూర్పులు కాలక్రమమున మాఱినవి. ఒకరు పాత కూర్పును, ఒకరు క్రొత్త కూర్పును వాడుచుందురు. గన్ను చక్కగా దిగి, ఎఱ్ఱదీపము వెలిగి, ఊరకుండుటకు తఱచు నిదియే హేతువు. దీనిని నివారించుటకై చారిన్ అను సంస్థవారు తయారీదారులను ఒకచోట చేర్చి, పలు బండ్లను పలు యంత్రములకు తగిలించి పరీక్షించు సమావేశములు జరుపుచుందురు. మన పరీక్షలకంటె నవి కఠినమైనవని వినికిడి గాదు, నా యూహ మాత్రమే.

స్కూటర్ల విషయము మఱింత జాగ్రత్తతో చెప్పవలసియున్నది. ఏలయన మన పిల్లల చేతికి వచ్చునవి అవియే. పలు కంపెనీలు తమతమ మూతులను వాడుచున్నవి. ఏథర్ కంపెనీవారు 2021లో తమ మూతి రచనను ఇతరులకును తెఱచియుంచిరి. హీరో వారి విడా స్కూటర్లు దానినే స్వీకరించినవి. 2023లో భారతీయ ప్రమాణముల బ్యూరో దానిని జాతీయ ప్రమాణముగా నంగీకరించెను. అందఱును దానిని అవలంబించినచో మేలు. ఇంతకంటె ముఖ్యమైన మాట వేఱు గలదు. చౌక స్కూటర్ల ఛార్జరులలో 48, 60, 72 వోల్టులవి గలవు. మూతులు మాత్రము పలుచోట్ల ఒక్క రూపమున నుండును. పొరుగింటివారి ఛార్జరు మన స్కూటరునకు చక్కగా దూరును. 48 వోల్టుల బ్యాటరీకి 60 వోల్టుల ఛార్జరు పెట్టిరనుకొనుడు. రక్షణ యేర్పాటు సరిగా లేనిచో బ్యాటరీ మితిమీరి నిండి, కాగి, మండవచ్చును. దూరకపోవుట వలన నా శిష్యునకు ఒక రాత్రి పోయినది. దూరుట వలన ఇల్లే పోవచ్చును. బండితో వచ్చిన ఛార్జరునే వాడుడు. అది చెడినచో ఆ కంపెనీదే కొనుడు. పరుపు ప్రక్కన, గడపకడ్డముగా బ్యాటరీని పెట్టి నిద్రింపకుడు.

ఇంటిలో ఎర్తింగు సరిగా లేనిచో కొన్ని ఛార్జరులు పనిచేయ నిరాకరించును. ఛార్జరు చెడినదని మన గ్రామములలో కొందఱు అంగడివారితో తగవులాడుచున్నారు. చెడినది ఛార్జరు కాదు, ఎండిపోయిన ఎర్తు గొయ్యి. ఎలక్ట్రీషియను చేత దానిని చూపించి బాగుచేయింపవలెను గాని, ఎర్తు పిన్ను విఱిచి పెట్టు తెలివి పనికిరాదు. సన్నని పొడిగింపు తీగలతో కిటికీలోనుండి వీధిలోని కారునకు ఛార్జి పెట్టుటయు నట్టిదే.

సొమ్ము చెల్లించు విషయమునను పొందిక కావలెను. ఒక్కొక్క స్టేషనువారి యాప్ వేఱు, అందు ముందుగా వేయవలసిన సొమ్ము వేఱు. ఫోనులో సిగ్నలు లేనిచోట గన్ను, బలము, భాష మూడును కుదిరియు బండి నిండకపోవచ్చును. దూరప్రయాణమునకు ముందు ఇంటివద్దనే ఆ యాప్‌లను దింపి సరిచూచుకొనుట మంచిది.

తల్లిదండ్రులు బండి కొనబోవునపుడు రంగు, వేగము, ఎన్ని కిలోమీటర్లు పోవును అని యడుగుచున్నారు. వానితోపాటు దీని మూతి యేది, లోపలి పెట్టె ఎన్ని కిలోవాట్లది, త్వరిత ఛార్జింగు కలదా, బ్యాటరీ ఎన్ని వోల్టులది యనియు నడుగవలెను. అమ్మువాడు తడబడినచో మూత తీయించి మీరే చూడుడు: ఏడు చిన్న రంధ్రములును, వాని క్రింద రెండు పెద్దవియు నున్నచో అది సి.సి.ఎస్.-2. పాత బండియైనచో, డబ్బు చేతిలో పెట్టకముందే దానిని సమీపపు స్టేషనునకు నడిపించుకొనిపోయి, పది నిమిషములు ఛార్జి ఎక్కించి చూడుడు. ఈ చిన్న పని ఎవరైనను చెప్పియుండిన ఆ గొలుసు కుదువకు పోకుండెడిదేమో. భౌతికశాస్త్రము చెప్పిన నేనే వానికి చెప్పియుండవలసినది. కాని వాడు కొనినట్లే నాకు తెలియదు.

ఇప్పుడు వాడు దూరపు బాడుగలు మానుకొనెను. ఇంటి యజమాని నొప్పించి, వాకిటిలో నెర్తింగు సరిచేయించి, పదునాఱు ఆంపియరుల సాకెట్టు పెట్టించుకొనెను. రాత్రియంతయు బండి నిండును. పగలు ఊరిలోనే, ఇరువది కిలోమీటర్ల లోపల, నెల జీతముపై ఇద్దఱు బ్యాంకు ఉద్యోగులను, ఒక డాక్టరుగారిని తీసికొనిపోయి తెచ్చుచున్నాడు. మధ్యాహ్నము రెండు గంటలు మరల తగిలించును. మొన్న బజారులో కనబడినపుడు బండి నాపి, నన్నెక్కించుకొని యింటివద్ద దింపెను. గొలుసుమీది అప్పులో సగము తీరినదట. చెల్లెలి పెండ్లిలోగా విడిపింతునని చెప్పెను.